‘అనగ్నోరిసిస్’కి తెలుగు మాట: గుర్తింపా, ఆనవాలా, ఎరుకా?

కొత్తపలక:
గ్రీకు విషాద నాటకాల మీద అల్లిన స్త్రీవాద కథలు, ఈ మధ్య వస్తున్న థ్రిల్లర్ల మీద ఒక వ్యాసం తయారవుతోంది. ‘అనగ్నోరిసిస్’ అన్న మాట అందులో పేజీకోసారి తగులుతోంది. అరిస్టాటిల్ ‘పొయెటిక్స్’ 11వ అధ్యాయంలో చెప్పింది ఇదీ: తెలియనితనం నుంచి తెలివిడికి మారడం. ‘గుర్తింపు’ అని రాసేస్తే సరిపోతుందా?

నుడికారం:
సరిపోదండీ. ‘గుర్తింపు’ ఎప్పుడో కార్డులకీ, అవార్డులకీ, కాలేజీలకీ వెళ్లిపోయింది. తమ్ముణ్ణి గుర్తుపట్టే ఎలెక్ట్రా గురించి ‘నాటకంలో ఎలెక్ట్రాకి గుర్తింపు దక్కింది’ అని రాసి చూడండి, ఆవిడకేదో సన్మానం జరిగిందనుకుంటారు. ‘గుర్తుపట్టింది’ అని క్రియగా వాడితే ఏ ఇబ్బందీ లేదు. నామవాచకం చేయబోతేనే చెడుతుంది.

పాతప్రతి:
‘అభిజ్ఞానం’ ఉండగా వెతుకులాట ఎందుకు? గ్రీకులో ‘గ్నో’, సంస్కృతంలో ‘జ్ఞా’ ఒకే ధాతువు. అరిస్టాటిల్ వాడిన ‘అగ్నోయా’ మన ‘అజ్ఞానా’నికి చుట్టమే, ముందున్న ‘అ’తో సహా. పైగా సుందరకాండలో సీత హనుమంతుడికి ఇచ్చిన చూడామణీ అభిజ్ఞానమే, చెప్పి పంపిన కాకాసురుడి కథా అభిజ్ఞానమే. ఒకటి వస్తువు, ఒకటి ఇద్దరికే తెలిసిన సంగతి. అరిస్టాటిల్ 16వ అధ్యాయంలో చేసిన విభజనలో ఈ రెంటికీ చోటుంది. మచ్చలూ గొలుసులూ చూపించి గుర్తుపట్టించడం ఆయన లెక్కలో అన్నిటికన్నా కళ తక్కువ పద్ధతి. జ్ఞాపకం దానికి పైమెట్టు. కథలోని సంఘటనల్లోంచే బయటపడటం అన్నిటికన్నా మేలు, తెలియక తండ్రిని చంపి తల్లిని పెళ్లాడిన ఈడిపస్ కథలోలాగా.

నుడికారం:
చిక్కంతా అక్కడే ఉంది. ‘అభిజ్ఞానం’ అంటే పాఠకుడికి ముందు శకుంతల ఉంగరం కనిపిస్తుంది, జరిగిన మార్పు కనిపించదు. ఆ వస్తువుకైతే ‘ఆనవాలు’ అనే చక్కటి మాట ఉంది. ఎస్కిలస్ నాటకం ‘ఖోయెఫొరోయ్’లో (క్రీ.పూ. 458) తమ్ముడు ఒరెస్టిస్‌ని పోల్చుకోడానికి ఎలెక్ట్రాకి దొరికేవి మూడు ఆనవాళ్లు: తండ్రి సమాధి దగ్గర జుట్టుపాయ, అడుగుజాడ, తన చేత్తో నేసిన బట్ట. తర్వాత యూరిపిడీస్ తన ‘ఎలెక్ట్రా’లో వీటిని ఏకిపారేశాడు. తమ్ముడి పాదం ఆడపిల్ల పాదమంతే ఉంటుందా? నెత్తురు కలవనివాళ్లకీ జుట్టు కలవచ్చుగా? చిన్నప్పటి బట్ట ఒంటితోపాటు పెరిగిందా? ఈ వెక్కిరింతంతా ఎలెక్ట్రా నోటివెంటే వస్తుంది. ఇంతాచేసి ఆయనా కనుబొమ మీది మచ్చ చూపించే ఒరెస్టిస్‌ని పట్టిస్తాడనుకోండి. ఈ పేరాలో ‘ఆనవాలు’ తీసేసి ‘అభిజ్ఞానం’ పెడితే వెక్కిరింత చచ్చిపోతుంది.

మూసీగట్టు:
మా దిక్కు ‘నాకెర్క లేదు’, ‘గప్పుడు ఎర్కైంది’ అని రోజూ అంటరు. ‘ఎరుక’ ఎందుకు పెట్టొద్దు? తెలియంది తెలిసిరావడమే గదా. ‘ఎరుక చెప్పడం’ అంటే సోది చెప్పడం కూడా. ఈడిపస్‌కైతే ఆ రెండో అర్థం ఇంకా కలిసొస్తది: జోస్యుడు టైరీషియస్ చెప్పిన ఎరుక ఒకటి, ఈడిపస్‌కు అయిన ఎరుక ఇంకొకటి. రెండిటి సంగతి ఒకటే. మొదటిది చెవికెక్కలే.

కొత్తపలక:
ఇది బాగుంది. మరి యూరిపిడీస్ నాటకంలోని మీడియా మాటేమిటి? ఆమె పిల్లల్ని తెలిసే చంపుతుంది కదా.

పాతప్రతి:
14వ అధ్యాయంలో అరిస్టాటిల్ ఉదాహరణే అది. తెలిసి చేయడానికి మీడియా, తెలియక చేసి తర్వాత తెలుసుకోవడానికి ఈడిపస్. అందుకే మీడియా కథ తిరగరాసేవాళ్లు ఎరుకని ఆమె నుంచి తీసి చదివేవాళ్ల మీద పెడతారు. ఆమెకి మొదటి నుంచీ తెలుసు, తెలియనిది మనకే. ‘విముక్త’ కథల్లో ఓల్గా నడిచిన దారి వేరు. శూర్పణఖనీ అహల్యనీ కలిసిన సీతకి ఉంగరాలతో పని లేదు, ఆమెకి కలిగేది అచ్చంగా ఎరుక. అక్కడ ‘అభిజ్ఞానం’ అని నేనూ రాయను. ఒప్పుకుంటున్నాను.

చివరిపేజీ:
థ్రిల్లర్ల సంగతి నేను చెప్తాను. వీటిలో గుర్తుపట్టాల్సింది పాఠకుడే, అదీ చివరి ఇరవై పేజీల్లో. తెలుగులోకి తెచ్చేటప్పుడు దెబ్బతినేది క్రియ దగ్గర. ‘తలుపు తోసింది’ అన్నామా, హంతకుడు మగవాడు కాడని తేలిపోయింది. ఉత్తమ పురుషకి ఈ బాధ లేదు, ‘తోశాను’లో ఆడామగా తెలియదు. ప్రథమ పురుషలోనైతే ‘ఎవరో తోశారు’, ‘తోసిన మనిషి’ అని నడపాలి. అదీ మొదటి పేజీ నుంచే. నడుమ ఒక్క మనిషికే ‘-రు’ తగిలిస్తే పాఠకుడు అక్కడే పట్టేస్తాడు. ‘తోయడం జరిగింది’ జోలికి మాత్రం వెళ్లకండి, పోలీసు ప్రెస్‌నోట్ అవుతుంది.

నుడికారం:
‘ది సైలెంట్ పేషెంట్’ (2019) అనే థ్రిల్లర్ వెనక ఉన్న ‘ఆల్కెస్టిస్’లో ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. క్రీ.పూ. 438 నాటి యూరిపిడీస్ నాటకం. భర్తకి బదులు చచ్చిపోయిన భార్య ఆల్కెస్టిస్‌ని వీరుడు హెరాక్లీస్ మృత్యువు నుంచి విడిపించి, ముసుగు వేసి తెస్తాడు. భర్త అడ్మీటస్ పోల్చుకోలేక ‘ఎవరివో గానీ, ఒడ్డూ పొడుగూ అచ్చం ఆల్కెస్టిస్‌వే’ అంటాడు. గ్రీకులో మీరు, నువ్వు అన్న మర్యాద భేదం లేదు. తెలుగులో పరాయి స్త్రీని ‘ఎవరివో’ అంటాడా, ‘ఎవరో మీరు’ అంటాడా? ‘మీరు’ అనిపిస్తే లాభముంది. ముసుగు తీశాక ‘మళ్లీ చూస్తాననుకోలేదు, దక్కావు’ అన్నప్పుడు ఆ ‘-వు’లోనే అనగ్నోరిసిస్ వినిపిస్తుంది.

చివరిపేజీ:
ఆమె మాత్రం పలకదు. మూడో రోజు వరకూ, పాతాళ దేవతల మైల తీరేవరకూ మాట ఉండదంటాడు హెరాక్లీస్. నాటకాన్ని ఇద్దరు నటులతోనే నడిపించారు కాబట్టి ముసుగులో ఉన్నది మాటల్లేని వేషమనీ, మౌనానికి అదీ ఒక కారణమనీ కొందరి వాదన. థ్రిల్లర్ ఆ మౌనాన్నే తీసుకుంది: భర్తని కాల్చి నోరు మూసుకున్న చిత్రకారిణి, ‘ఆల్కెస్టిస్’ అని పేరు పెట్టిన సొంత బొమ్మ.

కొత్తపలక:
స్త్రీవాద కథ రాసేవాళ్లు నాలుగో రోజు నుంచి మొదలుపెడతారు కదా. ఆల్కెస్టిస్ నోరు విప్పితే భర్తని ‘మీరు’ అంటుందా, ‘నువ్వు’ అంటుందా?

మూసీగట్టు:
‘మంచినీళ్లు’ అనిపియ్యండి. సర్వనామంతో పనే లేదు.

నుడికారం:
ఒక వాక్యం గడుస్తుంది. ‘ఇవ్వు’ అనాలో ‘ఇవ్వండి’ అనాలో రెండో వాక్యంలో తేల్చక తప్పదు కదండీ.