బండి మీద తిరిగేటోనికి నిర్భీక్ రివాల్వర్ నయమా, పిస్తోలా?

అన్నలూ, ఎనుమాముల మార్కెట్ల మాది మిర్చి అడ్తి. సీజన్ల చీకటి పడ్డంక పైసలు పట్టుకొని బైకు మీద హన్మకొండకు రావాలె. తుపాకి లైసెన్సు చేతికొచ్చింది. కాన్పూర్ ఫ్యాక్టరీది పాయింట్ 32 నిర్భీక్ చూసిన: టైటానియం మిశ్రమం, అర కిలో చిల్లర, ఆరు తూటాలు. పిడి పొట్టిగుంది, చిటికెన వేలు ఆనతలేదు; ట్రిగ్గర్ గట్టిగుంది. అశని పిస్తోలైతే పలచగ నడుముకు అతుక్కుంటది గానీ, మే నెల ఓరుగల్లు చెమటకు తుప్పు పడ్తదేమో. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బయట ఒరల, పూర్తిగ కప్పే పెట్టుకోవాలె గద. అంగీ కింద రోజంత కట్టుకొని బండి నడిపేటోళ్లు చెప్పుండ్రి: కూసున్నప్పుడు ఏది పొడుచుకోదు? తోలు ఒర మంచిదా, నైలాన్‌దా? అసలు కొనుడే వద్దనేటోళ్లు మా ఇంట్లనే మస్తుగున్నరు.