పైప్ ఆర్గాన్‌లో ఒక స్వరం ఆగడం లేదు, సాయం చేయండి

చిత్తూరు క్వైర్: అందరికీ వందనాలు. మా చర్చి పైప్ ఆర్గాన్‌తో పొద్దున తొమ్మిది నుంచి కుస్తీ పడుతున్నాను. ఒక కీ మీద వేలు తీసేసినా మోగుతూనే ఉంది. గాలీ నిలవడం లేదు. తిత్తికి ఫెవికాల్‌తో గుడ్డ అంటిస్తే గంటలో లేచిపోయింది. దీన్ని తీసేసి కీబోర్డు కొందామని కమిటీ అంటోంది. మా అమ్మమ్మ పెళ్లికి మోగిన వాయిద్యం, నాకు మనసొప్పడం లేదు. పైపులు మార్చాలా?

తిరుపతి రిపేరు: గాలి ఎలా కొడతారు?

చిత్తూరు క్వైర్: రెండు పెడల్స్, కాళ్లతో తొక్కాలి. ముందు బంగారు రంగు గొట్టాలున్నాయి.

తిరుపతి రిపేరు: గొట్టాల అడుగున గాలి దారి ఉందా? లేకపోతే అవి అలంకారం. మోగేది లోపలి ఇత్తడి రీడ్లు, అంటే గాలికి కంపించే పల్చటి రేకులు.

చిత్తూరు క్వైర్: దారి లేదన్నా. కానీ నాబ్ మీద 8 అని ఉందే? 8 అడుగుల పైపు అనేగా?

పాత వాయిద్యాలు: కాదండీ. పైప్ ఆర్గాన్‌లో 8 అని ఉన్న నాబ్‌కు, కీబోర్డులో అన్నిటికన్నా కింది సి స్వరానికి పైన తెరిచి ఉన్న గొట్టం సుమారు 8 అడుగులు ఉంటుంది. ఆ శ్రుతికి సమానమని మీ దగ్గరున్న ఈ రీడ్ ఆర్గాన్ మీదా 8 వేశారు. పైన మూసిన గొట్టమైతే 4 అడుగులకే అదే స్వరం. దీన్ని హార్మోనియం అనీ అనకండి. అమెరికా తరహా రీడ్ ఆర్గాన్ గాలిని లోపలికి పీలుస్తుంది, హార్మోనియం బయటికి నెడుతుంది.

తిరుపతి రిపేరు: మా దగ్గర అందరూ పెడల్ హార్మోనియం అనే అంటారు సార్.

పాత వాయిద్యాలు: అందరూ అన్నంత మాత్రాన సరైన పేరు కాదు కదా. తప్పు పేరు పెట్టుకుంటే తప్పు సామాను కొంటారు.

తిరుపతి రిపేరు: సరే సార్. తమ్ముడూ, కీ కింద తోలు అంటించిన చెక్క మూత ఉంటుంది. దాని కింద ఏదైనా ఇరుక్కున్నా, స్ప్రింగు జారినా స్వరం ఆగదు. వాయుగుండం వానలకు చెక్క ఉబ్బి కీ కూడా పట్టేస్తుంది. మెత్తటి బ్రష్‌తో దులుపు. రీడును మాత్రం వంచకు, శ్రుతి పోతుంది. తిత్తికి వేసిన ఫెవికాల్ మొత్తం గీకేయాలి, దాని మీద ఇంకో బంక పట్టదు. తర్వాత రబ్బరు పూసిన పల్చటి గుడ్డ, పశువుల చర్మంతో కాచిన వేడి బంక. రేపు దాన్ని విప్పాల్సొచ్చినా వేడి నీళ్లతో ఊడుతుంది.

చిత్తూరు క్వైర్: మూత కింద కొవ్వొత్తి మైనం, గోరంత ముక్క! తీయగానే ఆగింది. గుడ్డ ఇంకా దొరకలేదు. థ్యాంక్స్ అన్నా, ప్రాక్టీసుకు టైమైంది.