శివరాత్రికి వెంకటాపురం నుంచి శ్రీశైలం అడవి దారి: నీళ్లు, మెట్లు, జంతువుల సంగతి చెప్పండి

తుంగభద్రగట్టు:
కర్నూలు నుంచి ఐదుగురం. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో బయలుదేరి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలం నడవాలని ఉంది. రెండు రోజులు చేతిలో ఉన్నాయి. ఒకాయనకు 58 ఏళ్లు, మోకాళ్లు అంత గట్టివి కావు. తలా ఎన్ని నీళ్లు మోయాలి? భీమునికొలను మెట్లు ఆయన ఎక్కగలరా? అంత జనంలో జంతువులు, పిట్టలు కనబడతాయా, లేక మామూలు రోజుల్లో వెళ్లడమే మేలా?

పాతమెట్లు:
ముందు చివరి ప్రశ్న. మామూలు రోజుల్లో ఆ దారిన మీ అంతట మీరు నడిచే వీల్లేదు. ఆ అడవి 1983 నుంచి పులుల అభయారణ్యం. శివరాత్రికి, ఉగాదికి మాత్రం పాదయాత్రికులను వదులుతారు. ఆ తేదీలు, గేటు వేళలు ఆత్మకూరు అటవీ కార్యాలయంలో కనుక్కుని బయలుదేరండి. రెండింటిలో శివరాత్రే మేలు. ఉగాదికి ఎండ మండుతుంది, పైగా కన్నడ భక్తుల రద్దీ. భ్రమరాంబ వాళ్లకు ఆడపడుచు కదా, వేలల్లో వస్తారు.

దారి సుమారు 40 కిలోమీటర్లు. తెల్లవారగానే వెంకటాపురం వదిలితే ఎండెక్కకముందే నాగలూటి వీరభద్రుడి గుడి చేరతారు. అక్కడ కాసేపు ఆగి, చీకటి పడకముందే పెద్దచెరువు చేరి పడుకోండి. శివరాత్రి అమావాస్యకు ముందు రోజు, ఉగాది అమావాస్య మర్నాడు. రెండిట్లోనూ వెన్నెల ఉండదు. చెట్ల వేర్లు, కదిలే రాళ్లు టార్చి వెలుగులో సరిగా ఆనవు. చీలమండ మడతపడేది అప్పుడే.

నీళ్లు: నడిచే ప్రతి గంటకూ అర లీటరు లెక్క. తలా 3 లీటర్లతో బయలుదేరండి, ఆరు గంటలకు సరిపోతాయి. దారిలో మజిలీల దగ్గర అన్నదానం, నీళ్ల ట్యాంకులు పెడతారు కానీ రద్దీలో ఖాళీ అయిపోతాయి. అందుకే సగం సీసా తగ్గగానే నింపుకోవాలి. మడుగు నీళ్లు తప్పనిసరైతే గుడ్డతో వడగట్టి, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. మురికి నీళ్లలో బిళ్ల సరిగా పనిచేయదు, వడగట్టమనేది అందుకే. ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు తగ్గి పిక్కలు పట్టేస్తాయి. లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో కొలిచి కలపండి. ఉప్పు అంతకు మించకూడదు.

మద్దిచెట్టు:
మోకాళ్ల గురించి. అందరూ భీమునికొలను దాటాక వచ్చే కైలాసద్వారం మెట్లు ఎక్కడానికి భయపడతారు, నిజానికి మోకాలికి ముప్పు భీమునికొలను లోయలోకి దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు పోయేది ఊపిరి, అది ఆగి తీసుకోవచ్చు. దిగేటప్పుడు ప్రతి అడుగుకూ బరువంతా మోకాలి మీదే పడుతుంది. ఆయనకు రెండు చేతికర్రలు ఇవ్వండి. కర్ర ముందు కింది మెట్టు మీద ఆనాలి, తర్వాతే కాలు. ఆయన సంచీ మిగతా నలుగురూ పంచుకోవాలి. మిగిలినవాళ్లకైనా 6 కిలోలు దాటితే ఎక్కువే.

శ్రీశైలానికి మెట్లు కట్టించినవాడు రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి, 14వ శతాబ్ది మాట. ఆ పాత రాతి మెట్లు ఒక్క ఎత్తున ఉండవు, కొన్ని అరిగి నున్నబడ్డాయి. కొత్త బూట్లతో రావద్దు. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. దిగుడులో పాదం ముందుకు జారి గోరు బూటుకు కొట్టుకుంటే నల్లబడి ఊడిపోతుంది. పెద్దచెరువులో రెండోనాడు వెలుగు రాగానే బయలుదేరండి. ఆలస్యమైతే కైలాసద్వారం మెట్ల దగ్గరికి చేరేసరికి నడినెత్తిన ఎండ, కింద కాగిన రాయి. పెద్దాయనకు రెండోనాడు ఉదయానికే మోకాలు వాచి ఉంటే మాత్రం లోయలోకి దింపకండి. దిగాక వెనక్కి రావాలన్నా ఎక్కుడే.

బెట్టుడుత:
తిరునాళ్ల రోజుల్లో పులిని చూడాలన్న ఆశ వద్దు. జన సందడికి పెద్ద జంతువులు పక్కకు తప్పుకుంటాయి. కానీ జాడలు దండిగా ఉంటాయి, చూడటం తెలియాలి. జనం తొక్కని బాట అంచున, వాగు ఇసుకలో వెతకండి. పెద్ద పులి అడుగు మీ అరచేయంత వెడల్పు ఉంటుంది, గోళ్ల గుర్తు పడదు. చిరుతది అలాంటిదే, చాలా చిన్నది. ఐదు వేళ్లూ దాదాపు ఒకే వరుసలో ఉండి, ముందు పొడుగాటి గోళ్ల గుంటలు కనబడితే అది ఎలుగుబంటి. పుట్టను తవ్వి పారేసినట్టుంటే అదీ దాని పనే. ఉగాది నాటికి ఇప్పపూలు రాలతాయి, వాటికోసం ఎలుగులు తెల్లవారుజామున చెట్ల కిందికి వస్తాయి. చీకట్లో నడవొద్దనడానికి ఇంకో కారణం ఇది. ఎదురుపడితే పరుగెత్తకండి. గుంపుగా దగ్గరికి చేరి, దాని మీద చూపు ఉంచి మెల్లగా వెనక్కి నడవండి.

శివరాత్రికి ఆకు రాలి అడవి పలచబడుతుంది, పిట్టలకు అదే మంచి కాలం. పూసిన మోదుగో బూరుగో కనబడితే ఇరవై అడుగుల దూరంలో పావుగంట కదలకుండా కూర్చోండి. గోరింకలు, ఏట్రింతలు (తోక చీలిన నల్ల పిట్టలు), రామచిలుకలు తేనెకు వరస కడతాయి. ఉదయం తొమ్మిది లోపే. పెద్ద మద్దిచెట్ల పైకొమ్మల్లో ఆకులూ పుల్లల గూడు ఉంటే అది బెట్టుడుతది, అంటే అడవిలోని పెద్ద ఉడుతది. కొండముచ్చులు ఉన్నట్టుండి గట్టిగా దగ్గినట్టు అరుస్తూ అన్నీ ఒకే దిక్కుకు చూస్తుంటే ఆగి మీరూ అటే చూడండి, చిరుతలాంటిదేదో కదిలి ఉంటుంది. దేనికీ తిండి వేయొద్దు. అలవాటు పడ్డ కోతి తర్వాత వచ్చేవాళ్ల సంచీలు లాగుతుంది.

తుంగభద్రగట్టు:
దండాలు అన్నా, చాలా తేటగా చెప్పారు. రాత్రి చలికి చిన్న మంట వేసుకోవచ్చా? దురద ఆకుల బెడద ఉందా?

బెట్టుడుత:
మంట వద్దే వద్దు తమ్ముడూ, బీడీ కూడా. ఆ నెలల్లో నేలంతా ఎండుటాకే, ఒక్క నిప్పురవ్వ చాలు. పొగకు తేనెటీగలు కూడా లేస్తాయి, బండల అంచున పట్టు కనబడితే అగరుబత్తీ వెలిగించకండి. తలా ఒక దుప్పటి చాలు.

దురద ఆకులది కాదు, దూలగొండి కాయలది. గోధుమరంగు నూగున్న కాయలు తీగకు వేలాడతాయి, ఎండాక గాలికే నూగు రాలుతుంది. పూర్తి చేతుల చొక్కా వేసుకోండి, పొదల్లోకి పోకండి. ఒంటికి అంటితే రుద్దొద్దు, రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. సెలోటేపు అంటించి పీకండి, నాలుగైదుసార్లు, ప్రతిసారీ కొత్త ముక్కతో. ఆ తర్వాతే నీళ్లతో కడగాలి. పడుకునే ముందు మోకాలి వెనక, నడుం పట్టీ కింద పిడుదులు పట్టాయేమో చూసుకోండి. పడితే పట్టకారుతో తోలుకు ఆనించి పట్టి నిటారుగా లాగాలి, నలపకూడదు.