సుల్తాన్ బజార్: బండ్లు ముందా, షాపులు ముందా?

కోఠీ పాతకాపు

చెల్లె పెండ్లి బట్టలకని ఇంట్లోవాళ్ళతో హైదరాబాద్ కోఠీల ఉన్న సుల్తాన్ బజార్ పోయిన. పది చీరలు, పదింటికీ మ్యాచింగ్ కావాలె. కౌంటర్ మీద చీర కొంగు పరిచి, పక్కన లైనింగ్ తాను పెట్టి చూస్తుంటే షాపాయనే అన్నడు, "ట్యూబ్‌లైట్ కింద కాదమ్మా, బయట వెలుతురుల చూసుకోండి" అని. చీర పట్టుకొని గుమ్మం దాటితే పైన మెట్రో. ఇగ వెలుతురేడుంది? జాకెట్ ముక్కల బండి పెట్టుకున్నామె చూసి నవ్వింది. "ఇటు రా బిడ్డా, రెండు పిల్లర్ల నడుమ జరంత ఎండ పడతది" అని తన బండి కాడికి పిలిచింది. లోపల మెరూన్ అనుకున్నది అక్కడ వంకాయ రంగని తేలింది.

షాపాయనకు అది నచ్చలే. "ఇది హెరిటేజ్ బజారండీ, ఈ బండ్లొచ్చి నాశనం చేసినయి, అన్నిటినీ తీసేయాలె" అన్నడు. ఆమె ఊరుకుంటదా? "మేం లేకుంటే నీ గుమ్మం కాడికి ఎవలొస్తరు" అన్నది.

అందుకే అడుగుతున్న. సుల్తాన్ బజార్‌ల హెరిటేజ్ అంటే ఏంది? షాపులా, రోడ్డా? బండ్లను తీసేసుడు న్యాయమేనా?

నాకు తెలిసిన సంగతి ముందు చెప్త. ఈ బజారును ఏ రాజూ ముహూర్తం పెట్టి కట్టియ్యలే. 1803లో కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు, అంటే నిజాం దర్బారుల ఇంగ్లీషోళ్ళ ప్రతినిధి, మొన్నటిదాక కోఠీ ఉమెన్స్ కాలేజీ అయి ఇప్పుడు మహిళా యూనివర్సిటీ అయిన బంగ్లా మొదలుపెట్టిండు. పని చూసినోడు శామ్యూల్ రసెల్ అనే ఇంజనీరు. బంగ్లా పూర్తయ్యేలోపే 1805లో కిర్క్‌పాట్రిక్ పోయిండు. ఆయన బేగం ఖైరున్నిసా కోసం కట్టిన రంగమహల్ కూడా పోయింది, పేరు మాత్రం చౌరస్తాకు మిగిలింది. ఆ బంగ్లా గోడల చుట్టూ లేచిందే రెసిడెన్సీ బజార్. అక్కడ నిజాం కొత్వాలు మాట చెల్లదు, రెసిడెంటు మాటే చెల్లుతది. వడ్డీ వ్యాపారం చేసే సాహుకార్లు పెట్టెలు మోసుకొని అటు చేరింది అందుకే. 1933లో ఆ జాగ తిరిగి నిజాం చేతికి వచ్చినంకనే సుల్తాన్ బజార్ అన్న పేరు. అంటే ఇది మొదటిసంది ఒకరి నీడల బతికిన బజారే. అప్పుడు రెసిడెన్సీ నీడ, ఇప్పుడు మెట్రో నీడ.

షాపు మూడోతరం

పాతకాపు గారూ, చరిత్ర బాగా చెప్పారు. కానీ నీడ సంగతి నీడలో కూర్చున్నవాణ్ణి అడగాలి.

నాది అదే వీధి, చీరల కొట్టు. ఆస్తి పన్ను, జీఎస్టీ, కరెంటు బిల్లు కమర్షియల్ రేటు, నలుగురు పనివాళ్ళ జీతాలు. మెట్రో పనుల్లో మా ముందు భాగం పోయింది. ఏళ్ళ తరబడి దుమ్ము, రేకుల కంచె. 2020 ఫిబ్రవరిలో రైలు మొదలైంది, నెలన్నరకే లాక్‌డౌన్. మేం లేచి నిలబడేసరికి గుమ్మం ముందు మూడు బండ్లున్నాయి. నేను నూట ఇరవైకి అమ్మే జాకెట్ ముక్క బండి మీద ఎనభైకి. వాళ్ళకు అద్దె లేదు, బిల్లు లేదు, రంగు వెలిస్తే వాపసు లేదు.

అది వదిలేయండి. దసరా ముందు సాయంత్రం ఏడింటికి ఆ వీధిలో ఓ ముసలామె కళ్ళు తిరిగి పడిపోయింది. అంబులెన్సు చౌరస్తాలోనే ఆగిపోయింది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మేమే మోసుకెళ్ళాం. రేపు షార్ట్ సర్క్యూట్ అయితే ఫైరింజను ఎటునుంచి వస్తుంది? గుడ్డల బజారండీ ఇది, నిప్పురవ్వ చాలు.

మా తాతగారి రోజుల్లో ఈ గోల లేదు. అరుగు దిగువన రెండు మూడు గంపలు ఉండేవేమో గానీ ఈ బండ్ల వరసలు లేవు.

గంప మనవరాలు

అన్నా, గంపలు ఉండేవని మీరే అన్నరు. రాసి పెట్టుకుంటున్న.

ఆ గంపల ఒకటి మా నాయనమ్మది. రిబ్బన్లు, పిన్నీసులు, నల్లపూసలు, అద్దాలు అంటించిన దువ్వెనలు. పొద్దుగాల కాచిగూడ దిక్కుకెళ్ళి నడిచొచ్చేది. గంపకు కాళ్ళు మొలిస్తే మంచమైంది, మంచానికి చక్రాలొస్తే బండైంది. జాగ మారలే. మనిషి మారలే, మా నాయనమ్మ పోయినంక మా అమ్మ నిలబడ్డది.

అద్దె లేదంటరా? అద్దె లేని జాగ సుల్తాన్ బజార్‌ల ఒక్కటి చూపియ్యుండ్రి. గుమ్మం ముందు బండి పెట్టనిచ్చినందుకు షాపుకు నెలకింత. మామూళ్ళు వేరే. రాత్రి బండి పెట్టే గోదాముకు వేరే. రసీదు ఉండదు గనుక మీ లెక్కల అది సున్న.

ఇంకోటి. మెట్రో వద్దని షాపులు బంద్ పెట్టినప్పుడు "సుల్తాన్ బజార్ హెరిటేజ్ బజార్, కూలగొట్టొద్దు" అన్నది ఎవరు? మీరే. ఆ ధర్నాల మా అమ్మ కూడా కూసున్నది. తెలంగాణ వచ్చినంక 2014లో కేసీఆర్ ఈడ దారి మారుస్తమన్నడు, ఆఖరుకు పాత దారిలనే పోయింది. పోరాడేనాడు బండ్లు మీ పక్కన కావాలె, ఓడిపోయినంక బండ్లే కబ్జానా? అప్పుడు హెరిటేజ్ అన్న మాటల మేమున్నమా లేమా, అది చెప్పుండ్రి ముందు.

పుస్తకాల పురుగు

గొడవ మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. హెరిటేజ్ అంటే అందరూ చీరలూ గాజులూ అనే మాట్లాడుతున్నారు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే తెలుగు గ్రంథాలయం ఆ సందుల్లోనే ఉంది కదా! 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు గారింట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు ఉన్నారు అందులో. ఆర్యసమాజం ఇంకా ముందే, 1892లో. 1921లో దగ్గర్లోని వివేకవర్ధిని విద్యాసంస్థలో సభ జరిగితే ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోయారని ఎగతాళి చేశారు. ఆ అవమానంలోంచే తెలుగువాళ్ళ సంఘం, ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఇన్ని ఈ నాలుగు వీధుల్లోనే ఎందుకు పుట్టాయంటే, నా ఉద్దేశంలో, బజారు ఉంది గనుక. వరంగల్లు నుంచో నల్లగొండ నుంచో సరుకుకి వచ్చినవాడే పత్రిక చదవడానికి కూడా వచ్చేవాడు. షాపులూ బండ్లూ కొట్టుకుంటుంటే ఆ గ్రంథాలయం గుమ్మం ఎటుందో అడిగేవాళ్ళే లేకుండా పోయారు.

గుజరాతీ గల్లీ గాడు

మైకుసెట్టు బాగుచేయించుకోవడానికి మా గల్లీకి రండి, ఇక్కడి నుంచే కేకేసి చెప్పుకోవచ్చు అందరూ. ఇంతకీ పాతకాపన్నా, ఆ వంకాయ రంగు జాకెట్ ముక్క ఎవరి దగ్గర కొన్నారు? అసలు తీర్పు అక్కడుంది.

కోఠీ పాతకాపు

లైనింగ్, ఫాల్ షాపుల. జాకెట్ ముక్క బండి మీద. మా అమ్మ తీర్పు అది, నాకేం సంబంధం లేదు.

పుస్తకాల పురుగు గారూ, మంచి మాట గుర్తుచేసిండ్రు. కానీ ఒకటుంది. రెసిడెన్సీ నీడ అందరికీ ఒక్క తీరు చల్లగ లేదు. 1857 జులై 17న ఇంగ్లీషోళ్ళ మీద తిరగబడ్డ తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీదికి దాడికి పోయింది ఈ సాహుకార్ల ఇండ్లలకెళ్ళే. సాహుకారు మిద్దె మీదికెళ్ళి చూస్తే రెసిడెన్సీ గోడ ఎదురుంగనే ఉండేది. గదే బజారు కొందరికి ఆసరా, కొందరికి మోర్చా. కోఠీ బస్టాపు కాడ వాళ్ళ యాదిల కట్టిన స్తూపం ఉంది, దాని చుట్టూ కూడా బండ్లే.

నల్లకోటు

ఎవరూ చట్టం మాట ఎత్తలేదు గనుక నేనెత్తుతాను. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం ముందు సర్వే, ఆ తర్వాత సర్టిఫికెట్, దానికి టౌన్ వెండింగ్ కమిటీ. సర్వే పూర్తికాకుండా ఖాళీ చేయించడానికి వీల్లేదు. అసలు విషయం రెండో షెడ్యూల్లో ఉంది. వీధి వ్యాపారులు యాభై ఏళ్ళకు పైగా అమ్ముకుంటున్న సహజ బజార్లను హెరిటేజ్ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడి వాళ్ళను వేరే చోటికి పంపకూడదు. గమనించండి. ఈ చట్టంలో హెరిటేజ్ అన్న మాట షాపు కోసం రాయలేదు, బండి కోసం రాశారు.

అలాగని షాపు మూడోతరం గారి అంబులెన్సు మాట కొట్టేసేది కాదు. ఎంతమంది పడతారో లెక్కగట్టడం, దారి వదిలించడం, వేళలు పెట్టడం, ఇవన్నీ అదే చట్టంలో ఉన్నాయి. బండ్ల వరసకు గీత గీయొచ్చు. తీసేయడం వేరు, గీత గీయడం వేరు.

షాపు మూడోతరం

యాభై ఏళ్ళని ఎవరు రుజువు చేస్తారు సార్? రేపు నిన్న వచ్చినవాడు కూడా మా తాతది గంప అంటాడు.

నల్లకోటు

నిన్న వచ్చినవాడు కూడా ఆ బజారులో ఉండొచ్చు. యాభై ఏళ్ళు నిండాల్సింది బజారుకి, మనిషికి కాదు. ఒక పాత ఫోటో, తైబజారు (రోడ్డు మీద అమ్ముకున్నందుకు కట్టే రుసుము) రసీదు, ఏదో ఒకటి ఉంటే సర్వే వాళ్ళ ముందు మాట నిలుస్తుంది.

గంప మనవరాలు

రాత్రి ట్రంకు పెట్టె మొత్తం తీసి చూసిన. తైబజారు చీటీలు పదకొండు దొరికినయి, మా నాయనమ్మ గాజుల డబ్బాల మడిచి పెట్టింది. పేరు లేదు. "గంప 1" అని రాసి ఉంది, అంతే.

నల్లకోటు

పేరు అక్కర్లేదమ్మా. తేదీ, స్థలం ఉన్నాయా?

గంప మనవరాలు

తేదీ ఉంది సార్. అరిగింది గానీ చదవొస్తది, మా నాయిన పుట్టకముందుది. స్థలం రాసిన మూల చెదలు తిన్నది, పదకొండిటికీ అదే మూల.

షాపు మూడోతరం అన్నా, మీ తాతగారు అరుగు దిగువ గంపలకు కిరాయి వసూలు చేసేటోడని మా నాయనమ్మ చెప్పేది. చిట్టా పుస్తకంల రాసే ఉంటడు గద. అది జర చూస్తరా?

షాపు మూడోతరం

పుస్తకాలు అటక మీదున్నాయి. చూస్తాను. చూపిస్తానని మాత్రం ఇక్కడ మాట ఇవ్వను.