అప్‌డేట్: సంక్రాంతి కార్డు ఈసారి పగల్లేదు

చేత్తో చేస్తున్న సంక్రాంతి కార్డుకి మందపాటి రంగు కాగితం మడిచిన చోట పగిలి తెల్లగా తేలుతోంది, పైన అతికించిన పొరలు ముడతలు పడుతున్నాయి అని పోయిన వారం ఇక్కడ అడిగాను కదా, రెండూ సర్దుకున్నాయండి. మీరు చెప్పినట్టే ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో, స్కేలు పెట్టి గీత నొక్కాకే మడిచాను. కానీ అసలు తేడా కాగితం పోగు (లోపలి నారలు ఎక్కువగా వరుసగా ఉండే దిశ) వల్ల వచ్చింది: షీటును పొడవుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూసి, ఎటు తేలిగ్గా వంగితే అటే మడవాలి. నా దగ్గరున్న ఏ4 కాగితంలో మాత్రం పోగు నాకు కావలసిన మడతకి అడ్డంగా ఉంది, అందుకే పెద్ద షీటు కొని 210 × 297 మి.మీ. ముక్కను నాకు కావలసిన దిశలో కోసుకున్నాను.

తెల్ల జిగురులో నీళ్లుంటాయి, ముడతలు దాని వల్లే. గ్లూ స్టిక్‌కి మారాను. కార్డు మీది కాగితం గాలిపటాన్ని ఫోమ్ టేప్ (రెండు వైపులా అంటుకునే మందపాటి స్పాంజి టేపు) ముక్కల మీద లేపితే కింద నీడ పడి ఎంత బాగుందో! అమ్మమ్మకి రేపే పోస్ట్ చేస్తున్నాను.