నీరటికాళ్ల (చెరువు నీళ్లు పంచేవాళ్ల) జ్ఞానాన్ని థీసిస్‌లో ఎలా ఉదహరించాలి?

అందరికీ నమస్కారం. పబ్లిక్ పాలసీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. తెలంగాణలో గొలుసుకట్టు చెరువుల కింద నీటి పంపకం నా అంశం. ఉమ్మడి వనరులనగానే, వాటిని వాడుకునేవాళ్లే ఎలా నిర్వహించుకోవచ్చో చెప్పిన 2009 ఆర్థికశాస్త్ర నోబెల్ గ్రహీత ఎలినార్ ఆస్ట్రమ్ సూత్రాలతోనే మొదలుపెట్టమంటున్నారు. అవి గొప్పవే, కాదనను. కానీ తూము ఎప్పుడు తీయాలో, కరువొచ్చిన ఏడు ఎవరి మడికి ఎంత పారించాలో తరతరాలుగా చూసింది నీరటికాళ్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 చట్టంతో వచ్చిన రైతుల నీటి సంఘాల మీద రాసిన వ్యాసాల్లో వాళ్ల మాట నాకు పెద్దగా కనిపించలేదు. వాళ్ల ఆలోచనను కూడా సిద్ధాంతంగానే ఉదహరించాలని నా పట్టుదల.

మౌఖిక జ్ఞానాన్ని ఇలా వాడినవాళ్లు ఉన్నారా? పేరు వేయడం, అనుమతి తీసుకోవడం ఎలా చేశారు? నిజాం కాలంనాటి చెరువుల రికార్డులు ఎక్కడ దొరుకుతాయి? ఉర్దూ చదివిపెట్టేవాళ్లు తెలిసినా దయచేసి చెప్పండి.