కుంపటి మీద కేక్: నిప్పులు పైన ఎన్ని, కింద ఎన్ని?

1960ల్లో కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో మా అమ్మ బొగ్గుల కుంపటి మీదే కేక్ చేసేది. మందపాటి గిన్నెలో ఇసుక పోసి, దాని మీద కేక్ గిన్నె పెట్టి, మూత మీద కూడా నిప్పులు పేర్చేది. వెన్న, చక్కెర తెల్లబడేదాకా చేత్తోనే గిలక్కొట్టేది. కొలతలన్నీ గ్లాసుతోనే. ఆ సన్నటి పొగ వాసన ఏ ఓవెన్‌లోనూ రాదు.

నిన్న అలాగే చేశాను. అడుగు మాడింది, నడుమ పచ్చిగా ఉండిపోయింది. కింద నిప్పులు ఎక్కువయ్యాయని నా అనుమానం. ఇసుక ఎంత మందం ఉండాలి? ముందే వేడెక్కించాలా? పెరుగులో సోడా పడగానే పొంగుతుంది కదా, నిప్పులు సిద్ధమయ్యాకే కలపాలా?

వచ్చే నెల అమ్మకు ఎనభై నిండుతాయి. ఆ కేకే కావాలంటోంది. ఇలా చేసినవాళ్లు, దగ్గరుండి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.